స్క్రిప్టే కదా అని తీసిపారేస్తే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ చదువుల పేజీలో, కొత్తగా ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లు ఏ భాషతో మొదలుపెట్టాలో చెబుతూ ఒక వ్యాసం వేశారు. బాగానే ఉంది, చాలావరకు ఒప్పుకుంటాను కూడా. కానీ మధ్యలో ఒకచోట, స్క్రిప్టింగ్ భాషలు (రాసింది రాసినట్టే నేరుగా నడిపే పైథాన్, పెర్ల్ లాంటివి) చిన్నాచితకా పనులకే పనికొస్తాయని, నాలుగు చోట్ల మళ్లీ మళ్లీ వాడుకునే కాంపొనెంట్లు, అంటే ప్రోగ్రామ్ విడిభాగాలు, తయారు చేయాలంటే అసలు సిసలు భాష ఏదో నేర్చుకోవాల్సిందేనని రాశారు. అక్కడ నాకు చిర్రెత్తుకొచ్చింది. పదహారేళ్లుగా స్క్రిప్టులు రాసే బతుకుతున్నాను. ఈ పదహారేళ్లలో నేను పడ్డ తిప్పల్లో భాష వల్ల వచ్చినవి ఏ రెండో మూడో, మిగతావన్నీ "స్క్రిప్టే కదా, ఎలా రాస్తే ఏంటి" అన్న చిన్నచూపు వల్ల వచ్చినవే, అందులో నా చిన్నచూపు కూడా ఉంది.

ముందు నా తప్పే చెప్పుకుంటాను. అప్పట్లో నేను పనిచేసే ఆఫీసులో పైథాన్‌లో రాసిన ఒక స్క్రిప్టు ఉండేది. నెలకోసారి ఒక ఫైలు చదివి, గడువు దాటినవాళ్లను ఏరి, వాళ్లకు మెయిళ్లు పంపేది. అందులో గడువు లెక్కగట్టే ఫంక్షన్ (పేరు పెట్టి, కావాల్సినప్పుడు పిలుచుకునే కోడ్ ముక్క) భలే కుదిరింది, సెలవులు తీసేసి పనిదినాలు మాత్రమే లెక్కపెట్టేది. ఇంకో పనికి నాకు సరిగ్గా అదే లెక్క కావాల్సొచ్చింది. కాపీ కొట్టడం ఎందుకు, పద్ధతిగా ఇంపోర్ట్ చేసుకుందాం, అంటే ఆ ఫైల్లోంచే తెచ్చుకుని వాడుకుందాం అనుకున్నాను (మంచికి పోతే ఏమవుతుందో చూడండి). కొత్త ఫైల్లో పైన ఒక ఇంపోర్ట్ లైను రాసి, పని చేస్తుందో లేదో చూద్దామని రన్ చేశాను. ఏమీ రాలేదు. కర్సర్ అలా మిణుకు మిణుకుమంటూ ఆగిపోయింది. నెట్ స్లోగా ఉందేమో అనుకుని పక్కసీటు వైపు తిరిగి కబుర్లలో పడ్డాను. ఐదు నిమిషాలకు ఫోన్లు మొదలయ్యాయి. ఆ నెల మెయిళ్లన్నీ రెండోసారి వెళ్లిపోయాయి, ఈలోపు డబ్బు కట్టేసినవాళ్లకు కూడా.

జరిగిందేంటంటే, పైథాన్‌లో ఒక ఫైలును మొదటిసారి ఇంపోర్ట్ చేయడమంటే దాన్ని పైనుంచి కిందిదాకా నడిపించడమే. ఫంక్షన్లు పుట్టేది కూడా అలా నడిచినప్పుడే. మా స్క్రిప్టులో పైన ఫంక్షన్లున్నాయి, కింద ఏ ఫంక్షన్‌లోనూ లేకుండా మెయిల్ పంపే లైన్లు ఉన్నాయి. నాకు కావాల్సింది పైన ఉన్న ఒక్క ఫంక్షన్, నడిచింది మాత్రం మొత్తం. దీనికి విరుగుడు కూడా ఆ భాషలోనే ఉంది. ప్రతి ఫైలుకూ నేమ్ (కోడ్‌లో __name__) అనే ఒక వేరియబుల్ (విలువ దాచుకునే పేరు) దానంతటదే ఉంటుంది, ఫైలును నేరుగా నడిపితే అందులో మెయిన్ (__main__) అని ఉంటుంది, ఎవరైనా ఇంపోర్ట్ చేస్తే ఆ ఫైలు పేరు ఉంటుంది. మెయిల్ పంపే లైన్లన్నీ ఒక ఫంక్షన్‌లో పెట్టి, నేమ్ మెయిన్ అయితేనే దాన్ని పిలువు అని ఒక ఇఫ్ రాస్తే చాలు. రెండంటే రెండు లైన్లు. ఆ రెండు లైన్లుంటే అదే ఫైలు నెలనెలా నడిచే స్క్రిప్టూ అవుతుంది, ఇంకొకరు వాడుకునే మాడ్యూలూ అవుతుంది. లేకపోతే నాలాంటివాడు పై ఆఫీసర్ ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు.

ఇప్పుడు చెప్పండి, ఇది భాష తప్పా?

కాంపొనెంట్ల గొడవ కొత్తదేం కాదు. 1968లో జర్మనీలోని గార్మిష్‌లో నాటో ఒక సమావేశం పెట్టింది, సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ అన్న మాట జనం నోళ్లలో నానడం మొదలైంది అక్కడి నుంచే. ఆ సభలో డగ్ మెక్‌ఇల్‌రాయ్ అనే ఆయన లేచి, మిగతా పరిశ్రమల్లో విడిభాగాలు కొనుక్కొచ్చి బిగించుకుంటుంటే మనం మాత్రం ప్రతిదీ మొదటి నుంచీ చెక్కుకుంటున్నామని వాపోయాడు. త్రికోణమితిలోని సైన్ విలువ లెక్కగట్టే రొటీన్‌ను ఉదాహరణగా తీసుకుని, ఇంత కచ్చితత్వం చాలనుకునేవాడికి ఒకటి, వేగం కావాల్సినవాడికి ఒకటి, ఇలా ఒక కుటుంబంలా తయారు చేసి పెడితే ఎవరికి కావాల్సింది వాళ్లు పట్టుకెళ్తారన్నాడు. అదే మనిషి పట్టుబట్టగా 1973లో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లోకి పైప్ వచ్చింది. ఒక చిన్న ప్రోగ్రామ్ ఉమ్మిన టెక్స్ట్ ఇంకో చిన్న ప్రోగ్రామ్ నోట్లోకి పోవడం. సార్ట్ (వరసలో పెట్టేది), గ్రెప్ (వెతికేది) లాంటివాటిని నిలువు గీత పెట్టి కలిపి షెల్‌లో (ఆదేశాలు టైపు చేసే చోట) ఒక్క లైను రాసినవాళ్లెవరైనా ఆయన కలలో కొంత వాడుకున్నట్టే. షెల్ స్క్రిప్టింగ్ భాషే కదండీ.

అయితే మీ వ్యాసకర్త మాట గాల్లోంచి ఊడిపడింది కాదు, అది కూడా ఒప్పుకోవాలి. టీసీఎల్ భాషను తయారు చేసిన జాన్ ఔస్టర్‌హౌట్ 1998లో స్క్రిప్టింగ్ మీద ఒక పేరున్న వ్యాసం రాశాడు. కాంపొనెంట్లను సీ లాంటి భాషల్లో కట్టాలి, వాటిని అతికించే జిగురుగా స్క్రిప్టింగ్ భాషను వాడాలి అన్నది అందులో సారం. ఇప్పటికీ చాలాచోట్ల అదే నిజం. పైథాన్‌లో నంపై అనే లెక్కల లైబ్రరీ వాడి లక్షల అంకెలు క్షణంలో కూడుతున్నామంటే లోపల చాకిరీ చేసేది సీలో రాసిన కోడ్. కానీ ఆ వ్యాసం వచ్చేనాటికే పెర్ల్ వాళ్లకు సీపాన్ అనే గిడ్డంగి ఉంది, 1995 నుంచీ. దాని నిండా ఒకళ్లు రాసి పదిమంది వాడుకునే మాడ్యూళ్లు, ఎక్కువభాగం పెర్ల్‌లోనే రాసినవి. అంటే జిగురుతోనే ఇటుకలు చేయొచ్చని జనం అప్పటికే చేసి చూపిస్తున్నారు.

విండోస్‌లో అయితే ఇంకో అడుగు ముందుకేశారు. విండోస్ స్క్రిప్ట్ కాంపొనెంట్ అని ఒకటి ఉండేది, ఇప్పటివాళ్లకు పెద్దగా తెలియదు. ఒక మామూలు టెక్స్ట్ ఫైలు, ఎక్స్ఎంఎల్ పద్ధతిలో. పైన దాని పేరూ గుర్తింపూ, ఆ తర్వాత పబ్లిక్ అని ఒక భాగం, అందులో బయటివాళ్లు వాడుకోగల మెథడ్లు (పనులు) ఏవి, ప్రాపర్టీలు (విలువలు) ఏవి అని విడివిడిగా రాయాలి, ఆ కింద మైక్రోసాఫ్ట్ వాళ్ల స్క్రిప్టింగ్ భాషలైన వీబీస్క్రిప్ట్‌లోనో జేస్క్రిప్ట్‌లోనో అసలు కోడ్. దాన్ని ఒకసారి రిజిస్టర్ చేస్తే ఎక్సెల్ మ్యాక్రో నుంచి పిలవొచ్చు, సర్వర్‌లో నడిచే వెబ్ పేజీ నుంచి పిలవొచ్చు. లోపలున్నది స్క్రిప్టని పిలిచేవాడికి తెలియనే తెలియదు, కంపైలర్ (కోడ్‌ను ముందే మెషీన్ భాషలోకి మార్చేది) గిట్టనివాళ్లకు పండగే. నాకు అందులో బాగా నచ్చింది ఆ పబ్లిక్ భాగం. కోడ్ మొదలుపెట్టకముందే, నేను లోకానికి ఇచ్చేది ఇదీ, మిగతాదంతా నా ఇంటి గుట్టు అని కూర్చుని రాసుకోవాల్సొచ్చేది. పైథాన్‌లో అలా బలవంతం చేసేవాడు లేడు, పేరు ముందు అండర్‌స్కోర్ పెడితే ఇది లోపలి సరుకు, ముట్టుకోకండి అని మర్యాదగా చెప్పినట్టు, అంతే.

ఆ కాంపొనెంట్లతోనే నాకు ఇంకో పాఠం అయింది. వీబీస్క్రిప్ట్‌ను ఇక తీసేస్తున్నామని మైక్రోసాఫ్ట్ 2023 అక్టోబరులో ప్రకటించింది, ముందు ఐచ్ఛికంగా ఉంచి, తర్వాత ఆఫ్‌లో పెట్టి, చివరికి విండోస్ నుంచే తొలగిస్తామంది. మా దగ్గర పాత ఫైళ్లు పదిదాకా ఉన్నాయి, వాటిని పైథాన్‌లోకి మార్చే పని నా నెత్తిన పడింది. పది ఫైళ్లే కదా, వారం చాలనుకున్నాను. తెరిచి చూస్తే ఒక ఫైల్లో, రాయితీ లెక్కగట్టే ఫంక్షన్ నడుమ మెసేజ్ బాక్స్ ఉంది. మొత్తం సున్నా కంటే తక్కువొస్తే "సరిచూసుకోండి" అని తెర మీద పెట్టె వచ్చి, ఓకే నొక్కేదాకా ఆగుతుంది. ఒక మనిషి కూర్చుని వాడే మెషీన్‌లో అది సబబే. కానీ ఎవరో దాన్ని రాత్రిపూట సర్వర్‌లో దానంతటదే నడిచే పనికి కూడా తగిలించారు. సర్వర్ ముందు ఓకే నొక్కడానికి ఎవరుంటారు? కొన్ని రాత్రులు ఆ పని మధ్యలో బిగుసుకుపోయేదని, పొద్దున ఎవరో వచ్చి రీస్టార్ట్ చేసేవాళ్లని పాతవాళ్లు చెప్పారు. కారణం మాత్రం ఎవరికీ తెలియదట. ఏళ్ల తరబడి, కారణం తెలియకుండానే, రీస్టార్ట్.

అందుకే నేను ఇప్పుడు ఎవరి కోడ్ చూసినా మొట్టమొదట వెతికేది ఇదే, లెక్కచేసే ఫంక్షన్ మాట్లాడుతోందా అని. లెక్కచేసేది లెక్క చేయాలి, ఫలితం చేతికివ్వాలి, నోరు మూసుకోవాలి. తెర మీద ప్రింట్ చేయడం, వాడేవాడిని ఏదో అడగడం, ఏ ఫోల్డర్‌లో ఉన్నానో చూసుకుని ఫైలు తెరవడం, ఇవన్నీ పిలిచినవాడి పనులు. అన్నిటికంటే ఘోరం, తప్పు జరిగినప్పుడు ఎగ్జిట్ కొట్టేసే, అంటే ప్రోగ్రామ్ మొత్తాన్నే ఆపేసే ఫంక్షన్. నువ్వు ఒక్కడివే రాసుకున్న స్క్రిప్టులో ఎగ్జిట్ అంటే పని ముగిసింది అని, అదే ఇంకొకడి ప్రోగ్రామ్‌లో భాగమయ్యాక ఎగ్జిట్ అంటే వాడి కొంప ముంచడం. ఎక్సెప్షన్ (తప్పు జరిగిందన్న సంకేతం) విసిరితే పట్టుకోవాలో వద్దో వాడు చూసుకుంటాడు.

ఇక తేదీల కథ. 03/04 అని ఉంటే అది ఏప్రిల్ మూడా, మార్చి నాలుగా? తేదీని చదివే ఫంక్షన్ ఒకటి నేనే రాశాను, మొదటి అంకె 12 దాటితే అది రోజు, దాటకపోతే నెల అని ఊహించుకునేలా. ఆ రోజు నా తెలివికి నేనే మురిసిపోయాను. దాన్ని ఏడు స్క్రిప్టుల్లోకి కాపీ కొట్టుకున్నాం, నేను నాలుగింట్లో, తోటివాళ్లు మూడింట్లో. ఊహ ఎక్కడ బోల్తా కొడుతుందో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఒకే ఫైల్లో 13 నుంచి నెలాఖరు దాకా తేదీలన్నీ సరిగ్గా వస్తాయి, 1 నుంచి 12 దాకా ఉన్నవి తారుమారవుతాయి, అదీ ఎర్రర్ ఏమీ రాకుండా. ఒక స్క్రిప్టులో పట్టుకుని దిద్దాను. మిగతా ఆరు? రెండు నాకు గుర్తున్నాయి, ఒకటి వెతికితే దొరికింది, మూడింటిలో వేరేవాళ్లు ఫంక్షన్ పేరు మార్చి, మధ్యలో తమవి రెండు లైన్లు చేర్చి, గుర్తుపట్టకుండా చేశారు. తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి దాన్ని తీసి వేరే ఫైల్లో పెట్టి, అందరూ అక్కడి నుంచే ఇంపోర్ట్ చేసుకోవాలన్నాం. ఊహించడం మానేసి, రోజు ముందా నెల ముందా అనేది పిలిచేవాడే చెప్పేలా మార్చాను, చెప్పకపోతే పని చేయదు. మొదట్లో అందరూ విసుక్కున్నారు, ఇదివరకు అడిగేది కాదు కదా అని. అడగకపోవడమే కదా రోగం!

మొదట చెప్పిన ఆ గడువు ఫంక్షన్‌లో ఇంకో దొంగ ఉన్నాడు. ఇవాళ్టి తేదీ. గడువు లెక్కకు ఫంక్షన్ తనంతట తానే గడియారం చూసుకునేది. దాంతో ఫిబ్రవరి 29న సరిగ్గా పని చేస్తుందా అని పరీక్షించాలంటే ఫిబ్రవరి 29 దాకా ఆగాలి, లేదా కంప్యూటర్ గడియారం తిప్పాలి. ఇవాళ్టి తేదీని కూడా బయటి నుంచి ఇచ్చేలా మార్చాక పది నిమిషాల్లో ఇరవై తేదీలు పెట్టి చూశాం. విడిభాగం అంటే నా దృష్టిలో అదే, దానికి కావాల్సినవన్నీ తలుపులోంచి రావాలి, కిటికీలోంచి అది ఏమీ లాక్కోకూడదు.

పైథాన్‌కే ప్రత్యేకమైన ఒక ఉచ్చు గురించి కూడా చెప్పాలి, కొత్తవాళ్లు తప్పకుండా అందులో పడతారు. ఫంక్షన్‌కు ఏమీ ఇవ్వకపోతే ఖాళీ లిస్ట్ తీసుకో అని డీఫాల్ట్ పెడతాం. ఆ ఖాళీ లిస్ట్ ప్రతి పిలుపుకీ కొత్తగా పుట్టదు, ఫంక్షన్ తయారైనప్పుడు ఒక్కసారే పుడుతుంది. మొదటి పిలుపులో అందులో వేసిన పేర్లు రెండో పిలుపుకు అక్కడే ఉంటాయి. స్క్రిప్టుగా ఒక్కసారి నడిపి వదిలేసినంతకాలం ఇది బయటపడదు, పది ఫైళ్ల మీద వరసగా పిలిచిన రోజున మొదటి ఫైలు పేర్లు పదో ఫైలు రిపోర్టులో ప్రత్యక్షమవుతాయి. అందుకే, స్క్రిప్టుగా బాగా నడుస్తోంది కాబట్టి కాంపొనెంట్‌గానూ నడుస్తుందిలే అనుకోకూడదు.

భాషలో అసలు లోపాలే లేవా అంటే ఉన్నాయి. వేరియబుల్ పేరులో అక్షరం తప్పు పడితే ఆ లైను నడిచేదాకా పైథాన్ నోరు విప్పదు, ఆ లైను ఏడాదికోసారి నడిచేదైతే ఏడాది ఆగాల్సిందే. పాత పెర్ల్, వీబీస్క్రిప్ట్ ఇంకా ఉదారం, తప్పు పేరు రాస్తే కొత్త వేరియబుల్ సృష్టించి ముందుకు పోయేవి, పెర్ల్‌లో యూజ్ స్ట్రిక్ట్ అనో, వీబీస్క్రిప్ట్‌లో ఆప్షన్ ఎక్స్‌ప్లిసిట్ అనో పైన రాస్తే తప్ప. ఇలాంటి లోట్లు పూడ్చడానికే జావాస్క్రిప్ట్ మీద 2012లో టైప్‌స్క్రిప్ట్ వచ్చింది, పైథాన్‌కు 2015లో 3.5 వెర్షన్‌తో టైప్ హింట్లు (ఎక్కడ ఏ రకం విలువ ఉండాలో చెప్పే సూచనలు) వచ్చాయి. పదిమంది వాడే ఫంక్షన్‌కైనా అవి రాయండి, మీ సొంతానికి రాసుకునే ఇరవై లైన్లకు అక్కర్లేదు.

ఇంతా చెప్పి, ప్రతిదాన్నీ కాంపొనెంట్ చేసేయమంటున్నానా? లేదు బాబోయ్. ఆ పిచ్చి కూడా చూశాం. 2016 మార్చిలో ఎన్‌పీఎం అనే జావాస్క్రిప్ట్ ప్యాకేజీల గిడ్డంగి నుంచి లెఫ్ట్-ప్యాడ్ అనే ప్యాకేజీని దాని రచయిత ఒక తగాదా వల్ల తీసేశాడు. అది చేసే పనల్లా పదానికి ఎడమవైపు ఖాళీలో సున్నాలో చేర్చడం. పదకొండు లైన్ల కోడ్. దాని మీద ఇంకొకటి, ఆ ఇంకొకదాని మీద మరొకటి ఆధారపడి ఉండటంతో ప్రపంచమంతటా ఎవరెవరివో బిల్డ్‌లు (కోడ్‌ను వాడుకకు సిద్ధం చేసే పనులు) ఆగిపోయాయి, వాళ్లలో చాలామందికి తాము దాన్ని వాడుతున్నట్టే తెలియదు. పదకొండు లైన్లు సొంతంగా రాసుకోలేక కాదు, కాంపొనెంట్ ఉండగా రాయడమెందుకన్న అలవాటు. నేనూ తక్కువ తినలేదు, ఒకసారి రిపోర్టులు తయారు చేసే మాడ్యూల్ ఒకటి, రేపు ఎవరికైనా కావాలేమో అని పద్నాలుగు ఆప్షన్లతో రాశాను. ఆ ఎవరో ఇప్పటిదాకా రాలేదు. పద్నాలుగింట్లో నేను వాడేవి మూడు, మిగతా పదకొండూ ఒకదానితో ఒకటి కొట్టుకోకుండా చూడటానికే నా సగం సమయం పోయింది.

ఇప్పుడు నేను పాటించేది మోటు లెక్క. మొదటిసారి రాస్తాను. రెండోసారి కావాల్సొస్తే సిగ్గుపడకుండా కాపీ కొడతాను. మూడోసారి అవసరం పడితే అప్పుడు కూర్చుని, మూడు చోట్లా నిజంగా మారేదేంటి, మారనిదేంటి అని చూసి విడగొడతాను. ఒక్కచోట వాడినదాన్ని చూసి ఏది మారుతుందో చెప్పడం జోస్యమే అవుతుంది, మన జోస్యాలు ఎంతవరకు ఫలిస్తాయో ఆ పద్నాలుగు ఆప్షన్లే చెబుతాయి. అలా విడగొట్టి నలుగురికిచ్చాక మాత్రం ఇష్టమొచ్చినట్టు మార్చే హక్కు పోయినట్టే. తేదీ అర్థం కాకపోతే నన్ (ఏమీ లేదు) అని తిరిగిచ్చే మా ఫంక్షన్‌ను, ఎక్సెప్షన్ విసరడమే పద్ధతి కదా అని ఒక సాయంత్రం చెప్పాపెట్టకుండా మార్చాను. మార్పు మంచిదే. మర్నాడు ఐదు స్క్రిప్టులు పడ్డాయి. వెర్షన్ నంబర్లో మొదటి అంకె ఉన్నది ఇందుకే, మీ కోడ్ విరగొచ్చు, చూసుకుని రండి అని ముందే చెప్పడానికి.

అందుకని మీకు నా విన్నపం. వ్యాసంలోని ఆ ఒక్క వాక్యం సవరించినా సరే, సవరించకపోయినా సరే, మీ పేజీలో వారంవారం వేసే పాఠాల సంగతి మాత్రం కాస్త చూడండి. ఇప్పటిదాకా వచ్చిన ప్రతి పాఠమూ ఒకే ఫైలు, కింద ఒక ప్రింట్, అక్కడితో అయిపోతోంది. ఒక్క వారం రెండు ఫైళ్ల పాఠం వేయించండి. ఒక ఫైల్లో ఫంక్షన్, ఇంకో ఫైల్లో దాన్ని పిలిచే నాలుగు లైన్లు, మధ్యలో ఆ నేమ్, మెయిన్ ముచ్చట. అర పేజీ కూడా పట్టదు. ఉదాహరణకు మాత్రం మెయిల్ పంపే స్క్రిప్టు తీసుకోవద్దని వ్యాసకర్తకు నా మాటగా చెప్పండి.

ఇట్లు,
స్క్రిప్టులు రాసుకు బతికే మీ పాఠకుడు